నీ చోట ఇంకొకరు

పొద్దున బస్సులన్నీ లోపలికి వచ్చేయగానే పుదుచ్చేరిలోని ఆ ప్రైవేటు యూనివర్సిటీ గేటు మూసేస్తారు. మళ్ళీ తెరిచేది సాయంత్రం అవే బస్సులు బయల్దేరేటప్పుడే. మధ్యలో కడుపునొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా సరే, తండ్రి ఫోన్ చేసి క్లాసు మేడమ్‌తోనూ, మేడమ్ పై మేడమ్‌తోనూ, పై మేడమ్ సెక్యూరిటీ వాళ్ళతోనూ మాట్లాడితే తప్ప పిట్ట కూడా బయటికి ఎగరదు. జైల్లో ఉన్నవాణ్ణి చూడ్డానికైనా చుట్టాలు వస్తారు. ఇక్కడ అదీ లేదు. అంత డబ్బు పోసి పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు మాత్రం "అబ్బ, ఎంత డిసిప్లినో!" అని మురిసిపోతారు. మురిసిపోక ఏం చేస్తారు, పోసిన డబ్బుకి ఏదో ఒకటి కనబడాలి కదా!

కావ్యశ్రీ యానాం పిల్ల. గోదారి గట్టు మీద సైకిలేసుకుని ఇష్టమొచ్చినట్టు తిరిగి పెరిగింది. ఆ గేటు చూసిన మొదటిరోజే దాని ప్రాణం ఉసూరుమంది. పోనీ లోపల చదువైనా ఉందా అంటే, దాని సంగతి ఇంకో కథ. కోర్సు పేరు డయాలిసిస్ టెక్నాలజీ. ల్యాబులో మిషను ఉంది, లేదనడానికి లేదు. దాని మీద నీలంగుడ్డ కప్పి ఉంటుంది. తనిఖీకి వచ్చేవాళ్ళకి మాత్రమే ఆ గుడ్డ తీస్తారట. పిల్లలు ఆ గుడ్డ పక్కనే కూర్చుని తెర మీద మిషను బొమ్మ చూస్తూ నోట్సు రాసుకుంటారు. పాఠం చెప్పే ఆర్తి మేడమ్ నిరుడు ఇదే కోర్సు పాసైన అమ్మాయి. ఎవరైనా ప్రశ్న అడిగితే పాపం ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, "అది సిలబస్‌లో లేదు" అనేది. క్లాసుకి ఏసీ మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

ఈ గోతిలో పడడానికి కారణం కావ్యశ్రీ తండ్రి బాపిరాజు భయం. యానాం పుదుచ్చేరి కిందికే వస్తుంది కాబట్టి, అక్కడి పిల్లలకి పుదుచ్చేరి గవర్నమెంటు కాలేజీల్లో కొన్ని సీట్లు విడిగా ఉంటాయి. కావ్యశ్రీకి చిన్నప్పట్నుంచీ పశువుల డాక్టరు కావాలని పిచ్చి. దానికి దరఖాస్తు పెట్టింది కూడా. కానీ ఆ కౌన్సెలింగు ఓ పట్టాన తెమలదు. ఒక లిస్టు అంటారు, రెండో లిస్టు అంటారు, వాయిదా అంటారు. ఈలోగా ప్రైవేటువాళ్ళు యానాం వచ్చి కల్యాణమండపంలో బల్లలు వేసి, సీట్లు అయిపోతున్నాయంటూ ఊదరగొట్టేశారు. బాపిరాజు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. పాతికేళ్ళుగా ప్రభుత్వాన్ని లోపల్నుంచి చూస్తున్న మనిషి గనక దాని లిస్టుని అస్సలు నమ్మలేదు. "ఎందుకైనా మంచిదమ్మలూ, ముందు ఇందులో పడుండు. అది వస్తే అప్పుడు చూసుకుందాం, ఆయ్" అని కూతురి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అప్పజెప్పి వచ్చాడు. యానాంలో ఏటా ఎంతోమంది తండ్రులు చేసే పనే అది.

చివరికి లిస్టు వచ్చింది. పశువైద్య కళాశాలలో కావ్యశ్రీకి సీటు వచ్చింది! శుక్రవారం సాయంత్రంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకొచ్చి చేరాలి. రాకపోతే సీటు వెనకున్నవాళ్ళకి పోతుంది.

ఆ మాట ఫోన్లో చూడగానే కావ్యశ్రీ క్లాసులోనే కెవ్వుమంది. ఆర్తి మేడమ్ అంతమంది ముందు తిట్టింది. తిడితే తిట్టనీ! ఆ పిల్ల చెవులకి ఏమీ వినపడలేదు. మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా అడ్మిషన్ల ఆఫీసుకి పరిగెత్తింది.

అక్కడ మేనేజరు భక్తవత్సలం. నుదుట నామం, చల్లటి నవ్వు. ఆంధ్రా తల్లిదండ్రులతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు బాగా పట్టేశాడు. సీటు సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచాడు.

"సంతోషం అమ్మా! పశువైద్యం అంటే చాలా మంచి కోర్సు. మీ నాన్నగారికి చెప్పినావా? కూర్చో, కూర్చో."

నిజంగానే సంతోషించాడు ఆ మహానుభావుడు. అదే వింత.

"సర్టిఫికెట్లు కావాలి సార్."

"అదే కొంచెం కష్టం." ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు పోతే ఆ సీటు నాలుగేళ్ళు ఖాళీ. పైవాళ్ళు నన్ను అడుగుతారు. రూల్ ప్రకారం అయితే నాలుగేళ్ళ ఫీజు కట్టేసి తీసుకుపోవాలి."

"మా నాన్నగారు అంత ఎక్కడ తెస్తారు సార్?"

"తెలుసమ్మా, తెలుసు. అందుకే నీకు ఇంకో దారి చెప్తాను. నీ చోట ఇంకొకరిని తీసుకురా. ఆ బిడ్డ సర్టిఫికెట్లు ఈ టేబుల్ మీద పెట్టిన నిమిషం, నీవి నీ చేతిలో పెడతాను. నేనేమీ రాక్షసుణ్ణి కాదు. నాకూ ఆడబిడ్డ ఉంది."

ఆయన వెనక ఇనప బీరువా ఉంది. తన పదో తరగతీ, ఇంటరూ, కులధ్రువీకరణా, నివాసపత్రమూ అన్నీ దాని కడుపులో ఉన్నాయి. కావ్యశ్రీ ఆ బీరువా వంక చూస్తూ బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని యానాం పిల్లలందరికీ వరసపెట్టి ఫోన్లు చేసింది. ఒకరు కాకినాడలో చేరిపోయారు, ఒకరు రాజమండ్రిలో. ఒకడు మళ్ళీ ఎంట్రన్సు పరీక్ష రాస్తాడట. చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు సీటు ఖాళీ అవుతోందని విని, "మా చుట్టాల పిల్లని చేర్పిస్తే నీకు కమీషనెంతే?" అని అడిగింది. కావ్యశ్రీకి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది. కాలేజీ అంత మంచిదైతే నువ్వెందుకు వదిలేస్తున్నావని అడిగితే ఏం చెబుతుంది?

బాపిరాజుకి చెబితే ఫోన్లోనే గొల్లుమన్నాడు. "నా చేతులారా నేనే నీ గొంతు కోశానమ్మలూ. రాత్రి బస్సెక్కి వచ్చి ఆయన కాళ్ళట్టుకుంటానే."

"మీరు రావద్దు నాన్నగారూ. కాళ్ళు పట్టుకుంటే ఇచ్చే మనిషి కాదాయన."

బాపిరాజు ముక్కు చీదుకున్నాడు. "పోనీ, ఆయనన్నట్టే చేద్దాం. అంత పెద్ద పుదుచ్చేరిలో ఒక్క పిల్ల దొరక్కపోదు. ఎవరో ఒకళ్ళు ఉండరా ఏంటి?"

ఎవరో ఒకళ్ళు! తండ్రి నోట ఆ మాట కావ్యశ్రీకి నచ్చలేదు. కానీ కాదనలేదు. తనూ సాయంత్రం నుంచి వెతుకుతున్నది ఆ ఎవరో ఒకళ్ళనే కదా.

కావ్యశ్రీ ఉండేది పుదుచ్చేరి పక్కనే మూలకుళంలో, ఆండాళమ్మ ఇంటి మేడగదిలో. తిండి కూడా అక్కడే. ఆండాళమ్మ తాతలనాటి నుంచీ ఈ ఊళ్ళో పాతుకుపోయిన తెలుగు మనిషి. తెలుగు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. గవర్నమెంటు ఆస్పత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేసి రిటైరయింది. కొడుకూ కోడలూ దగ్గర్లోని మేట్టుపాళయం ఫ్యాక్టరీలో షిఫ్టులకి పోతారు కాబట్టి, మనవరాలు లాస్యని పెంచింది ఆవిడే. లాస్యని తెల్లబట్టల్లో నర్సుగా చూడాలని ఆవిడ ఆశ. లాస్య ఆశ కూడా అదే. దాని పేరు గవర్నమెంటు నర్సింగు కాలేజీ వెయిటింగు లిస్టులో ఎక్కడో వేలాడుతోంది.

కావ్యశ్రీకి పశువైద్యం సీటు వచ్చిందని తెలియగానే ఆండాళమ్మ ఆ పిల్ల నోట్లో చక్కెర పోసింది. అన్నాల దగ్గర మాత్రం కావ్యశ్రీ మొహం చూసి ఊరుకోలేకపోయింది.

"ఏంది మ్మా, మొగం అట్ట వాడిపోయిండాది? సీటొచ్చిన పిల్ల అట్టనా ఉండేది?"

"సర్టిఫికెట్లు తెచ్చుకోవాలవ్వా. ఆ కంగారు."

"అదేముండాది, పోయి అడిగితే ఇస్తారు." ఆండాళమ్మ కొళంబు పులుసు వడ్డిస్తూ ఆగింది. "అవును గానీ, నువ్వు పోతే ఆ సీటు ఏమైతుంది?"

కావ్యశ్రీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఖాళీ అవుతుంది."

"అయితే మన లాస్యకి ఇప్పించరాదా? నర్సింగు లిస్టు ఎప్పుడొస్తాదో ఏమో, అందాక ఊరికే ఇంట్లో కూర్చుంటే ఎట్ట? నా రిటైరుమెంటు డబ్బు కొంచెం ఉండాది. ఎందుకైనా మంచిది, అందులో చేరిపోతే సరి. లిస్టులో పేరొస్తే అప్పుడు చూసుకుందాం."

బాపిరాజు అన్న మాటే, పొల్లుపోకుండా. లాస్య కళ్ళు చేటలంత చేసుకుని కావ్యశ్రీ వంక చూసింది. ఆ యూనివర్సిటీ ఏసీ బస్సు వీధి మలుపులో ఆగినప్పుడల్లా గుమ్మంలో నిలబడి చూసే పిల్ల అది.

కావ్యశ్రీ మంచిపిల్ల. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇకముందు జరిగేది వింటే మీకు నమ్మబుద్ధి కాదు. అప్పటికప్పుడు అది చెప్పాల్సినవి చాలావరకు చెప్పింది. గేటు సంగతి చెప్పింది. మిషను మీద గుడ్డ సంగతి, ఆర్తి మేడమ్ సంగతి చెప్పింది. "వద్దవ్వా, అక్కడ చదువు బాగుండదు" అని స్పష్టంగా అంది.

లాస్య ముఖం మాడిపోయింది. "నీకు వేరే యాడో వచ్చిండాది కాబట్టి నీకు బాగాలేదు. మాకు అదే జాస్తి. మేం చదవకూడదా అక్కా?"

"అయ్యో, అది కాదే."

"మరి ఏంది?"

అప్పుడు చెప్పాలి. లాస్యా, నీ కాయితాలు వాళ్ళ చేతికి వెళితే తిరిగి రావే, నర్సింగులో పేరొచ్చినా చేరలేవే, నావి బయటికి రావాలంటే నీవి లోపలికి పోవాలే, అని చెప్పాలి. అదొక్కటీ చెబితే ఆండాళమ్మ ఆ కాలేజీ ముఖం కూడా చూడదు. కావ్యశ్రీకి ఆ సంగతి బాగా తెలుసు. శుక్రవారం దగ్గరికొచ్చేసింది. పశువుల ఆస్పత్రీ, ఆకుపచ్చ కోటూ కళ్ళముందు ఆడుతున్నాయి.

"నీ ఇష్టం" అంది చివరికి, అన్నం కెలుకుతూ.

కొత్తగా చేరేవాళ్ళకైతే ఆ గేటు ఎప్పుడైనా తీస్తారు. శుక్రవారం పొద్దున ముగ్గురూ భక్తవత్సలం ముందు కూర్చున్నారు. ఆండాళమ్మ పట్టుచీర కట్టుకుంది. మనవరాలి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని గుడ్డసంచిలో పెట్టి, సంచిని ఒళ్ళో పెట్టుకుంది. భక్తవత్సలం ముగ్గురికీ కాఫీ తెప్పించాడు. మొదటి వాయిదా తర్వాత కట్టొచ్చన్నాడు. లాస్యని చూసి, "బిడ్డ కళగా ఉంది, మంచి నర్సు మాదిరి" అన్నాడు. ఆండాళమ్మ కరిగిపోయింది. బీరువా తెరిచి కావ్యశ్రీ ఫైలు తీసి టేబుల్ మీద తన మోచేతి కింద పెట్టుకున్నాడు.

ఆండాళమ్మ కవరు బయటికి తీసింది. ఇవ్వబోయి ఆగింది. ఎన్నో ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేసిన మనిషి, ఊరికే ఇచ్చేస్తుందా! కానీ అడగాల్సిన మనిషిని అడగలేదు. భక్తవత్సలాన్ని వదిలేసి, తన ఇంట్లో తన చేతి అన్నం తింటున్న పిల్ల వైపు తిరిగింది.

"కావ్యా, ఇవి మళ్ళా అడిగితే ఇస్తారు గదా మ్మా?"

భక్తవత్సలం కాఫీ తాగుతూ కావ్యశ్రీ వంక చూశాడు. ఆయన మోచేయి ఇంకా ఫైలు మీదే ఉంది.

"ఇస్తారవ్వా" అంది కావ్యశ్రీ. "నాకు ఇస్తున్నారు కదా."

అబద్ధం కాదు కదా అది! కళ్ళెదురుగా ఇస్తూనే ఉన్నాడు. ఆండాళమ్మ తృప్తిగా తలూపి కవరు టేబుల్ మీద పెట్టింది. భక్తవత్సలం ఆ కవరు అందుకుని, ఫైలు కావ్యశ్రీ వైపు తోశాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి, ఆ మాత్రం ఒప్పుకోవాలి. కావ్యశ్రీ ఫైలు గుండెలకి అదుముకుని లేచింది. వెనక బీరువా తలుపు మూసిన చప్పుడు వినిపించింది గానీ, వెనక్కి తిరిగి చూడలేదు.

పశువైద్య కళాశాలలో మొదటివారమే ఒక దూడని పట్టుకోమన్నారు. దాని గుండె చప్పుడు స్టెతస్కోపులో విని కావ్యశ్రీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. గేటు తీసే ఉంటుంది. ఎవరైనా ఎప్పుడైనా టీ తాగడానికి బయటికి పోవచ్చు. మొదటి రెండుమూడు రోజులూ అవసరం లేకపోయినా ఊరికే బయటికి వెళ్ళి వచ్చేది.

ఇంటికి వస్తేనే ఊపిరాడేది కాదు. ఆండాళమ్మ కృతజ్ఞత ముంచెత్తేస్తోంది. చేప తలకాయ కొడుక్కి పెట్టడం మానేసి కావ్యశ్రీ కంచంలో వేసేది. "నీ వల్ల నా మనవరాలు పెద్ద కాలేజీలో చదవతా ఉండాది" అని ఇరుగూపొరుగుకి చాటేది. ఏంబలం పల్లె నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే కనగం అనే ఆమెకి కూడా చెప్పింది. గది మారిపోదామని కావ్యశ్రీ ఒకసారి నోరు తెరిచింది. "ఏం తక్కువ చేసినా మ్మా నీకు?" అని ఆవిడ కంటతడి పెట్టుకుంది. దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

లాస్య మొదట్లో ఐడీకార్డు మెళ్ళోంచి తీసేదే కాదు. తర్వాత ఇంటికి రాగానే గోడమేకుకి తగిలించేయడం మొదలెట్టింది. ఓ సాయంత్రం మేడ మెట్ల మీద కావ్యశ్రీ పక్కన కూర్చుని, "నువ్వు చెప్పింది నిజమే అక్కా. ఆ గుడ్డ తీయనే తీయరు" అని నవ్వేసింది. "పరవాల్లేదు, నర్సింగు లిస్టు వచ్చేదాకానే గదా." కావ్యశ్రీ నవ్వలేకపోయింది. ఆ లిస్టు రాకూడదని, వచ్చినా అందులో లాస్య పేరు ఉండకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఒక ఆడపిల్ల బాగుపడకూడదని కోరుకునే స్థితికి వచ్చానే అని తనని తానే అసహ్యించుకుంది. అయినా మర్నాడు మళ్ళీ పెట్టుకుంది.

దేవుడు వినలేదు. నర్సింగు ఆఖరి లిస్టులో లాస్య పేరు వచ్చింది.

ఇంట్లో పండగే. లాస్య మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి కావ్యశ్రీని వాటేసుకుని గిరగిరా తిప్పింది. కింద నుంచి ఆండాళమ్మ కేకేసింది. "కావ్యా, పొద్దున్నే మాతో రా మ్మా. నీకు ఇచ్చినాడు గదా ఆ సారు, నిన్ను చూస్తే లేటు చేయకుండా బిన్నా ఇచ్చేస్తాడు."

కావ్యశ్రీకి రాత్రంతా కంటిమీద కునుకు లేదు. జ్వరమని చెబుదామా అనుకుంది. కానీ ఆ ముసలావిడ ఒక్కతే ఆ గదిలో, ఆ నవ్వు ముందు, ఏమీ తెలియకుండా కూర్చుంటుందే అని తలుచుకుంటే మనసొప్పలేదు. వెళ్ళింది.

భక్తవత్సలం మళ్ళీ కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ సంతోషించాడు. "గవర్నమెంటు నర్సింగా! చాలా మంచిది అమ్మా." మళ్ళీ కాఫీ తెప్పించాడు. ఆండాళమ్మ ఖాళీ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని, సర్టిఫికెట్ల కోసం చెయ్యి చాపింది.

ఆయన ఆ చెయ్యి వైపు చూడలేదు. కావ్యశ్రీ వైపు చూశాడు.

"నీకు తెలుసు కదమ్మా పద్ధతి. వీళ్ళకి చెప్పలేదా?"

ఆండాళమ్మ చాపిన చెయ్యి అలాగే ఉంది. "ఏం పద్ధతి మ్మా?"

కావ్యశ్రీ చెప్పింది. అంతా చెప్పింది. నాలుగేళ్ళ ఫీజు సంగతి, ఖాళీ సీటు సంగతి, ఆరోజు ఆయన మోచేతి కిందున్న ఫైలు సంగతి. ఏడుస్తూ చెప్పింది గానీ ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక ఆండాళమ్మ చాపిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది.

"ఆ పొద్దు నేను అడిగినా గదా మ్మా, నిన్నే అడిగినా. నువ్వు ఇస్తారంటివి."

"అన్నాను అవ్వా."

తిడుతుందేమోనని, కొడుతుందేమోనని కావ్యశ్రీ చూసింది. కొట్టినా బాగుండేది. ఆవిడ ఆ ఖాళీ సంచిని మడిచి, మళ్ళీ మడిచి, చిన్నగా చేసి గుప్పిట్లో పెట్టుకుని బీరువా వంక చూస్తూ కూర్చుండిపోయింది. భక్తవత్సలం ఎవరిదో ఫోనొస్తే మాట్లాడడానికి పక్కకి వెళ్ళాడు.

లాస్య ఏడవలేదు. అవ్వ భుజం మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత కావ్యశ్రీ పక్కకి కుర్చీ జరుపుకుని గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మీ యానాంలో ఇంకా యాడా చేరకుండా ఉండే పిల్ల ఎవురుండారు?"

కావ్యశ్రీ తలెత్తి చూసింది. లాస్య కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నెంబరు చెప్పు. నేను మాట్లాడతా. కాలేజీ బాగుంటాదని చెప్తా" అని తన ఫోను తీసి కావ్యశ్రీ చేతిలో పెట్టింది.